లో-కార్బ్ అంటే రోజుకు ఎన్ని గ్రాములు? ఒక పేపర్‌కి ఇంకో పేపర్‌కి ఎందుకు పొంతన కుదరదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీకు 43 ఏళ్లు, షుగర్ బార్డర్‌లో ఉంది. లో-కార్బ్ తింటే షుగర్ వెనక్కి తగ్గుతుందని ఒక పరిశోధన పేపర్‌లో చదివారు. అదే లో-కార్బ్‌తో ఆయుష్షు తగ్గుతుందని ఇంకోదాంట్లో చదివారు. ఒకచోట 20 గ్రాములు, ఒకచోట 130 గ్రాములు, మరోచోట 40 శాతం అని కనిపించేసరికి ఏది నమ్మాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పోషకాహార పరిశోధనలో లో-కార్బ్‌కి అందరూ ఒప్పుకున్న ఒకే నిర్వచనం లేదు. ఎక్కువమంది వాడే లెక్క మాత్రం ఒకటుంది. రోజుకు 130 గ్రాముల లోపు, లేదా మొత్తం కేలరీల్లో 26 శాతం లోపు పిండిపదార్థాలు (కార్బ్ అంటే ఇవే) ఉంటే లో-కార్బ్ అంటారు. 20 నుంచి 50 గ్రాములు, అంటే 10 శాతం లోపు అయితే అది బాగా తక్కువ కార్బ్, మనవాళ్లు కీటో అనేది. 26 నుంచి 45 శాతం దాకా మధ్యస్థం, 45 దాటితే ఎక్కువ. మీరు చదివిన రెండు పేపర్లూ తమ తమ లెక్క ప్రకారం సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. ఒకే పేరు పెట్టిన రెండు వేరువేరు భోజనాల గురించి అవి మాట్లాడుతున్నాయి, అంతే.

నేను గుంటూరులో 17 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లే. "మేడం, నేను లో-కార్బ్‌లో ఉన్నాను" అనే మాట రోజూ వింటాను. ఆ మాట వెనక 30 గ్రాములు తినేవాళ్లూ ఉన్నారు, 250 గ్రాములు తినేవాళ్లూ ఉన్నారు. పేపర్లలోనూ ఇదే పరిస్థితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పైన చెప్పిన 130, 26 శాతం మెట్లను రిచర్డ్ ఫైన్‌మన్, ఆయన సహ రచయితలు 2015లో షుగర్ చికిత్స మీద రాసిన ఒక సమీక్షలో వరసగా ఇచ్చారు. తర్వాత చాలామంది అవే వాడారు. ఇక 2019లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆహార చికిత్స మీద నివేదిక ఇస్తూ 26 నుంచి 45 శాతాన్ని "లో-కార్బ్" అంది, 26 లోపు ఉన్నదంతా "వెరీ లో-కార్బ్" అంది. ఒకరు మధ్యస్థం అన్నదాన్ని ఇంకొకరు తక్కువ అన్నారు, ఒకరు తక్కువ అన్నదాన్ని ఇంకొకరు బాగా తక్కువ అన్నారు. గీత అదే 26, పేరు మాత్రం ఒక మెట్టు జరిగింది. 35 శాతం కార్బ్ తిన్న మనిషి మొదటి లెక్కలో లో-కార్బ్ కాదు, రెండో లెక్కలో లో-కార్బే. బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘం 2021లో ఇదే విషయాన్ని పరిశీలించినప్పుడు "తక్కువ" అనకుండా "ఇంకోదానికంటే తక్కువ" అని పోల్చి రాసింది. నాకది నిజాయితీ గల పద్ధతి అనిపిస్తుంది.

గ్రాములు, శాతం రెండూ ఒకటి కావు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 130 గ్రాములు, 26 శాతం సమానం అయ్యేది రోజుకు 2,000 కేలరీలు తినేవాళ్లకే. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు. 130ని 4తో గుణిస్తే 520, అది 2,000లో 26 శాతం. బాగుంది. కానీ బరువు తగ్గడానికి 1,200 కేలరీలే తినే ఆవిడ సంగతి చూడండి. ఆమె 130 గ్రాములు తింటే అది 43 శాతం. గ్రాముల లెక్కలో ఆమె లో-కార్బ్ గీత దగ్గరే ఉంది, శాతం లెక్కలో మధ్యస్థం దాటబోతోంది. రోజంతా పొలం పని చేసి 3,000 కేలరీలు తినే మనిషికి 26 శాతం అంటే 195 గ్రాములు. అందుకని పేపర్‌లో ఒక్క శాతమే ఉంటే మొత్తం కేలరీలు ఎన్నో వెతకండి. ఒక్క గ్రాములే ఉన్నా అదే పని చేయండి.

ఆ 130 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది ఒంట్లో ఏదో మారిపోయే హద్దు అనుకుంటారు. పెద్దవాళ్ల మెదడు రోజుకు సగటున 100 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుందని లెక్క. మనిషికీ మనిషికీ ఉండే తేడా కోసం దాని మీద కొంత కలిపి, 2000ల మొదట్లో అమెరికా వైద్య సంస్థ 130 గ్రాములను రోజువారీ సిఫారసుగా పెట్టింది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2020 పట్టికలో అదే 130 ఇచ్చింది. అంటే ఇది అసలు "ఇంత తినాలి" అని చెప్పడానికి పుట్టిన అంకె. "ఇంతకన్నా తగ్గితే లో-కార్బ్" అనే పనికి తర్వాతివాళ్లు దాన్ని తెచ్చుకున్నారు. 131 గ్రాముల దగ్గర ఒక రకంగా, 129 దగ్గర ఇంకో రకంగా ఒళ్లు నడవదు. కాలేయం తనంతట తాను గ్లూకోజ్ తయారుచేస్తుంది, కార్బ్ బాగా తగ్గితే కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లను కూడా మెదడు ఇంధనంగా వాడుకుంటుంది.

ఒంట్లో నిజంగా మార్పు కనిపించేది ఇంకా కింద, 50 గ్రాముల లోపు. అక్కడ రక్తంలో కీటోన్లు పెరుగుతాయి. లీటరుకు 0.5 మిల్లీమోల్ దాటితే పోషక కీటోసిస్ అంటారు. ఇది కూడా అందరిలో ఒకే గ్రాము దగ్గర రాదు. ప్రొటీన్ ఎంత తింటున్నారు, ఎంత నడుస్తున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే కొన్ని ట్రయల్స్‌లో (మనుషులకు ఒక డైట్ చెప్పి ఫలితం చూసే ప్రయోగాల్లో) గ్రాములు చెప్పి వదిలేయకుండా వేలి నుంచి రక్తపు చుక్క తీసి కీటోన్లు కొలుస్తారు. నాకు అలాంటి ట్రయల్స్ మీద నమ్మకం ఎక్కువ, తిన్నానని చెప్పిన మాటకు అక్కడ రుజువు ఉంటుంది కాబట్టి. పిల్లల్లో మూర్ఛ తగ్గించడానికి ఇచ్చే కీటోజెనిక్ ఆహారం వీటన్నిటికన్నా పాతది. 1921లో మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ దాన్ని ప్రతిపాదించారు. దానికి గ్రాముల గీత కాదు, నిష్పత్తి ఉంటుంది: 4 గ్రాముల కొవ్వుకు ప్రొటీన్, కార్బ్ రెండూ కలిపి 1 గ్రాము. కేలరీల్లో 90 శాతం కొవ్వే. యూట్యూబ్‌లో బరువు తగ్గడానికి చెప్పే కీటోకీ, ఆస్పత్రిలో ఆ పిల్లలకు తూచి పెట్టే ఆహారానికీ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు.

ఇప్పుడు అసలైన చిక్కు. చెప్పింది వేరు, తిన్నది వేరు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందితో ఏడాది నడిపిన డైట్‌ఫిట్స్ ట్రయల్ 2018లో వచ్చింది. లో-కార్బ్ గుంపువాళ్లకు మొదటి 8 వారాల్లో రోజుకు 20 గ్రాములకు దిగమని చెప్పారు. తర్వాత, జీవితాంతం నిలబెట్టుకోగలమనుకున్నంత మేరకు పెంచుకోమన్నారు. ఏడాది చివర వాళ్లు తింటున్నది సగటున 130 గ్రాముల చుట్టుపక్కల, కేలరీల్లో 30 శాతం. ఇజ్రాయెల్‌లో 322 మందితో చేసిన డైరెక్ట్ ట్రయల్ 2008లో వచ్చింది. అందులోనూ 20 గ్రాములతో మొదలుపెట్టారు, మెల్లగా 120 దాకా పెంచుకోవచ్చన్నారు. రెండేళ్ల చివర లో-కార్బ్ గుంపు తింటున్నది 40 శాతం కార్బ్. ఫైన్‌మన్ మెట్లలో చూస్తే అది మధ్యస్థం. పేపర్ పేరులో మాత్రం లో-కార్బ్ అనే ఉంటుంది.

ఇది ఆ పరిశోధకుల తప్పు కాదు. మనుషులు ఇళ్లల్లో ఉంటారు, పెళ్లిళ్లకు వెళ్తారు, పండగలు చేసుకుంటారు. కాబట్టి పేపర్ చదివేటప్పుడు సారాంశం దగ్గర ఆగకండి. ఫలితాల్లో, గుంపుల వారీగా ఏ నెలలో ఎంత తిన్నారో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. నేను ఏ ట్రయల్ తెరిచినా మొదట చూసేది ఆ పట్టికనే. రెండు గుంపుల మధ్య కార్బ్ తేడా 5, 6 శాతమే మిగిలి ఉంటే, "లో-కార్బ్ పనిచేయలేదు" అనే తీర్పుకు అర్థం లేదు. అక్కడ లో-కార్బ్‌ను పరీక్షించనే లేదు.

మీరు చదివిన "షుగర్ వెనక్కి తగ్గుతుంది" పేపర్ బహుశా 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన మెటా అనాలిసిస్, అంటే చాలా ట్రయల్స్ ఫలితాలను కలిపి కట్టిన లెక్క అయి ఉంటుంది. 23 ట్రయల్స్, 1,357 మంది. వాళ్లు 130 గ్రాముల లోపు లేదా 26 శాతం లోపు అనే గీతే పెట్టుకున్నారు. 6 నెలల దగ్గర లో-కార్బ్ గుంపులో 57 శాతం మందికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 లోపుకి వచ్చింది, మిగతా గుంపుల్లో 31 శాతం మందికి వచ్చింది. ఈ లెక్కలో మందులు వాడుతున్నవాళ్లు కూడా ఉన్నారని గమనించండి. మందులు లేకుండా ఆ స్థాయికి వచ్చినవాళ్లను మాత్రమే లెక్కిస్తే తేడా అంత గట్టిగా లేదు. 12 నెలలకు వచ్చేసరికి లాభం చాలావరకు కరిగిపోయింది. ఇంకో ముఖ్యమైన సంగతి: 10 శాతం లోపుకి దిగమన్న ట్రయల్స్ కంటే అంత బిగించని ట్రయల్స్‌లోనే 6 నెలలకు బరువు ఎక్కువ తగ్గింది. బిగించినది నిలవకపోవడమే దానికి కారణంగా కనిపించింది.

"ఆయుష్షు తగ్గుతుంది" అన్నది 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన ఏరిక్ అధ్యయనం అయి ఉండాలి. అమెరికాలోని నాలుగు ప్రాంతాల్లో 15,428 మందిని దాదాపు 25 ఏళ్లు గమనించారు. 50 నుంచి 55 శాతం కార్బ్ తిన్నవాళ్లలో మరణాలు తక్కువ. 40 లోపు, 70 పైన రెండువైపులా ఎక్కువ. ఇందులో "లో-కార్బ్" అంటే 40 శాతం లోపు. వీళ్లెవరూ డైట్ చేస్తున్నవాళ్లు కారు, ఎవరూ వీళ్లకు ఏదీ తినమని చెప్పలేదు. ఏం తింటున్నారని ప్రశ్నపత్రం ఇచ్చి మొదట్లో ఒకసారి, ఆరేళ్ల తర్వాత ఇంకోసారి అడిగారు. కార్బ్ తగ్గించి ఆ చోటులో మాంసం పెట్టుకున్నవాళ్లలో మరణాలు పెరిగాయి. కూరగాయలు, గింజల లాంటివి పెట్టుకున్నవాళ్లలో తగ్గాయి. 30 గ్రాములు తింటూ రక్తంలో కీటోన్లు కొలిపించుకునే షుగర్ పేషెంట్ గురించి ఈ అధ్యయనం ఏమీ చెప్పదు.

దానికి ముందు ఏడాది, 2017లో, 18 దేశాల్లో 1,35,335 మందితో చేసిన ప్యూర్ అధ్యయనం వచ్చింది. ఎక్కువ కార్బ్ తిన్నవాళ్లలోనే మరణాలు ఎక్కువ అని అది చెప్పింది. అప్పుడు వార్తాపత్రికలు, టీవీలు అన్నం విషం అన్నంత హడావుడి చేశాయి. అందులో "ఎక్కువ" గుంపు 77 శాతం, "అతి తక్కువ" గుంపు 46 శాతం దగ్గర ఉంది. ఆ 46 శాతాన్ని ఏరిక్‌లోకి తీసుకెళ్తే అది మంచి గుంపు పక్కనే కూర్చుంటుంది. అంటే ఈ రెండు అధ్యయనాలు నిజానికి కొట్టుకోవడం లేదు. తక్కువ, ఎక్కువ అనే మాటలు ఆ అధ్యయనంలో ఉన్న జనంతో పోల్చి పెట్టినవి. మన దేశంలో సగటున కేలరీల్లో 62 శాతం దాకా కార్బ్ నుంచే వస్తోందని 2025లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ అధ్యయనం చెప్పింది. మన మధ్య 50 శాతం తినే మనిషి కార్బ్ బాగా తగ్గించినట్టే లెక్క. అమెరికాలో అదే మనిషి మామూలు భోజనం చేస్తున్నట్టు.

ఇంకో చిన్న విషయం, పేపర్లలో దీన్ని పెద్దగా పట్టించుకోరు. అసలు "కార్బ్" అని దేన్ని లెక్కపెట్టారు? అమెరికా లేబుల్ మీద మొత్తం కార్బ్‌లో పీచు కూడా కలిసి ఉంటుంది. యూరప్ లేబుల్‌లో పీచు బయట ఉంటుంది. మన దగ్గర రాగులనే తీసుకోండి. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో 100 గ్రాముల రాగుల్లో 72 గ్రాముల కార్బ్ ఉంటుంది. 2017 పట్టికలో 67 దగ్గర ఉంటుంది, ఎందుకంటే 11 గ్రాముల పీచును సరిగ్గా కొలిచి వేరుచేశారు. పీచు ఎక్కువ తినేవాళ్లకు ఈ తేడా రోజుకు 20, 30 గ్రాములు అవుతుంది. 50 గ్రాముల గీత పెట్టుకున్నవాళ్లకు అది చాలా పెద్ద తేడా.

ఇక నా దగ్గర చూసినవి రెండు చెప్తాను.

రిటైరైన మాస్టారు ఒకాయన నోట్‌బుక్ పట్టుకొచ్చారు. అట్ట మీద ఎర్ర ఇంకుతో "లో-కార్బ్" అని రాసి గీత కొట్టారు. లోపల రోజూ ఒకేలా ఉంది: పొద్దున రెండు పెసరట్లు, మధ్యాహ్నం మూడు జొన్న రొట్టెలు, కూర, మజ్జిగ, సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక జామకాయ, రాత్రి రాగి సంకటి, రెండుసార్లు పంచదార లేని కాఫీ. అన్నం ముట్టడం లేదు కాబట్టి కార్బ్ మానేసినట్టే అని ఆయన నమ్మకం. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. రొట్టెలు 100, పెసరట్లు 37, సంకటిలో రాగిపిండి, నూక కలిపి 56, శనగలు 16, మిగతావన్నీ కలిపి 35. మొత్తం దాదాపు 245 గ్రాములు, ఆయన కేలరీల్లో 55 శాతం పైనే. ఆయన ముఖం చిన్నబోయింది. కానీ ఆయన షుగర్ నిజంగానే తగ్గింది, ఎందుకంటే అంతకుముందు మూడు పూటలా అన్నం, ఇడ్లీలతో 350 దాకా తినేవారు. ఏ పరిశోధన నిర్వచనం ప్రకారం చూసినా ఆయనది లో-కార్బ్ కాదు. అయినా ఆయనకు అది మేలు చేసింది. మార్చమని నేను చెప్పలేదు, రాత్రి సంకటిలో నూక తగ్గించమన్నాను.

ఇంకొకావిడ "ఒక్క కప్పు అన్నమేనండి" అన్నారు. మర్నాడు ఇంటి నుంచి క్యారియర్‌లో తను రోజూ పెట్టుకునేంత తెమ్మన్నాను. నా టేబుల్ మీద వంటింటి కాటా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, తను హస్తంతో రెండుసార్లు వడ్డించుకున్నట్టే వేయమన్నాను. కాటా 310 గ్రాములు చూపించింది. వండిన అన్నంలో 100 గ్రాములకు దాదాపు 28 గ్రాముల కార్బ్. ఆ ఒక్క పూట అన్నమే 85 గ్రాములకు పైన. పరిశోధన ప్రశ్నపత్రాల్లో కూడా జనం ఇలాగే "ఒక కప్పు" అని రాస్తారు. కావాలని అబద్ధం చెప్పడం కాదు, ఎవరి కప్పు వాళ్లది.

మీ విషయానికి వస్తాను. బార్డర్‌లో ఉన్నారు కాబట్టి మీకు బాగా పనికొచ్చేది మన దేశపు లెక్క. ఐసీఎంఆర్-ఇండియాబ్ వాళ్లు 18,090 మంది ఆహారపు వివరాలతో 2022లో ఒక అంచనా కట్టారు. కొత్తగా షుగర్ తేలినవాళ్లలో అది వెనక్కి రావడానికి కార్బ్ 49 నుంచి 54 శాతం, ప్రొటీన్ 19, 20 శాతం. బార్డర్‌లో ఉన్నవాళ్లు ముదరకుండా ఉండటానికి కార్బ్ 54 నుంచి 57 శాతం. ఇది ట్రయల్ కాదు, లెక్క కట్టి తీసిన అంచనా, ఆ పరిమితి గుర్తుంచుకోండి. అయినా మన పళ్లెం నుంచి పుట్టిన అంకె కాబట్టి నేను దాన్నే మొదటి మెట్టుగా వాడతాను. అన్నం తగ్గించిన చోట పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూర పెట్టించి, మూడు నెలలు చూసి, అవసరమైతే ఇంకా దిగుతాను. 130 లోపుకి దిగి బాగున్నవాళ్లు నా దగ్గర ఉన్నారు. 50 గ్రాముల లోపు సంవత్సరాల తరబడి నిలబెట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మీరు మందుల సంగతి రాయలేదు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా కార్బ్ తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. నా దగ్గరికి వచ్చే ఒకాయన ఎవరికీ చెప్పకుండా రాత్రి భోజనం మానేసి మాత్ర మాత్రం వేసుకున్నారు. తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడుతుంటే ఇంట్లోవాళ్లు పంచదార నీళ్లు తాగించి ఆస్పత్రికి పరుగెత్తారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వాడేవాళ్లు కీటో జోలికి అసలు వెళ్లొద్దు. షుగర్ మామూలుగానే కనిపిస్తూ కీటోయాసిడోసిస్, అంటే కీటోన్లు విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారే ప్రాణాపాయ స్థితి వచ్చే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌తో మాట్లాడకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. ఆ మధ్య కొబ్బరినూనె తాగే డైట్ మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా పాకినప్పుడు, మందులు వాళ్లంతట వాళ్లే ఆపేసి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు చదివిన రెండు పేపర్ల పేర్లు ఇక్కడ పెట్టండి. నేను ఊహించినవి కాకపోతే, వాటిలో ఎన్ని గ్రాములు చెప్పారో, ఎన్ని తిన్నారో చూసి రాస్తాను. ఈలోగా మూడు రోజులు మీ పళ్లెంలోని అన్నాన్ని, టిఫిన్‌ని తూచి రాసుకోండి, అందులో ఒకటి ఆదివారం ఉండేలా చూసుకోండి. ఏ మందులు వాడుతున్నారో, చివరి హెచ్‌బీఏ1సీ ఎంతో కూడా రాస్తే మీ అసలు శాతం ఎంతో ఇద్దరం కలిసి లెక్కేద్దాం.